తణుకు – రావులపాలెం రోడ్డులో డివైడర్ గ్యాపులు: మూసేస్తే ప్రమాదాలు ఆగుతాయా?

గట్టుమీద_ఊరు
అందరికీ నమస్కారం. మాది పేరవలి దాటాక ఖండవల్లి వైపు, హైవే పక్కనే ఉన్న ఊరు. ఇళ్లు రోడ్డుకి ఒకవైపు, పొలాలూ పశువుల పాకలూ రెండోవైపు. ఈ రోడ్డు ఒకప్పుడు ఎన్‌హెచ్ 5, తర్వాత 16, ఇప్పుడు 216ఏ. నంబర్లు మారాయి కానీ, రోజుకి నాలుగుసార్లు ఈ రోడ్డు దాటకుండా మా ఊళ్లో ఎవరికీ పూట గడవదు.

కిందటి శుక్రవారం తెల్లవారుజామున మా బాబాయిని కారు గుద్దింది. పాక దగ్గర పాలు పితికి, టీవీఎస్ మీద రెండు క్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి వస్తున్నాడు. ఇదివరకు మా ఊరి ఎదురుగానే డివైడర్‌లో గ్యాప్ ఉండేది. అక్కడ ప్రమాదాలు అవుతున్నాయని నెల క్రితం సిమెంటు దిమ్మలు పెట్టి మూసేశారు. ఇప్పుడు పద్ధతిగా రావాలంటే పైకి రెండు కిలోమీటర్లు పోయి, తిరిగి, మళ్లీ రెండు కిలోమీటర్లు వెనక్కి రావాలి. పాలకేంద్రం మూసే వేళ దాటిపోతుందని బాబాయి రోడ్డు అంచు పట్టుకుని రాంగ్ రూట్‌లో వచ్చాడు. మంచు పట్టి ఉంది, ఎదురుగా వచ్చిన కారాయనకి ఈయన కనపడలేదు. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది.

తప్పు బాబాయిదే అని అందరూ అంటున్నారు. రాంగ్ రూట్‌లో వచ్చాడు, కాదనను. కానీ ఆ దిమ్మలు పెట్టిన రోజు నుంచి ఊరు ఊరంతా అలాగే వస్తోంది. గ్యాప్ ఉన్నప్పుడు గ్యాప్ దగ్గర దెబ్బలు తగిలేవి, మూసేశాక అంచున తగులుతున్నాయి. మేం ఏం అడగాలి? గ్యాప్ తెరవమనా, అండర్‌పాస్ కట్టమనా? తెలిసినవాళ్లు చెప్పండి. ఊరంతా కలిసి అర్జీ పెట్టాలనుకుంటున్నాం.

సిద్ధాంతం_లారీ
బాబాయి గారు త్వరగా కోలుకోవాలి తమ్ముడూ. నేను 22 ఏళ్లుగా లారీ తోలుతున్నాను, ఈ రోడ్డులో ప్రతి గ్యాపూ నాకు తెలుసు. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో చెప్తాను.

డివైడర్‌లో మొక్కలు గుబురుగా పెరిగిపోయాయి. ఎదురు లైట్లు కళ్లలో పడకుండా అవి ఉండాల్సిందే. కానీ గ్యాప్ దగ్గర కూడా అంతే ఎత్తున ఉంటే, వెనకాల టీవీఎస్ నిలబడి ఉందో, పిల్లాడు నిలబడి ఉన్నాడో మాకు తెలీదు. ముందు చక్రం బయటికి వచ్చాకే తెలుస్తుంది. లోడు బండి అప్పటికప్పుడు ఆగదు. బ్రేకు గట్టిగా తొక్కితే వెనకున్న కారు మన కిందికి వచ్చేస్తుంది.

ఇంకో సంగతి. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకి కొత్త రోడ్డు వచ్చాక దూరం పోయే లారీలు చాలావరకు అటు వెళ్లిపోయాయి. ఇటు రోడ్డు కాస్త ఖాళీ అయిందని సంతోషించాం, కానీ ఖాళీ రోడ్డు చూసేసరికి కార్ల స్పీడు పెరిగింది. ఇదివరకు లారీల మధ్య ఇరుక్కుని 60లో పోయే కారు ఇప్పుడు 100 దాటుతోంది. ఆ రోడ్డు మీదే మీ ఊరివాళ్లు సైకిళ్ల మీద దాటుతున్నారు.

మా తప్పు కూడా చెప్పాలి. టీకని, కునుకుకని లారీని అంచున ఆపేస్తాం. పార్కింగ్ లైట్లు వెయ్యనివాళ్లు ఎక్కువ. లారీలు ఆపుకునే చోటు మైళ్ల తరబడి లేదన్నది నిజమే, కానీ చీకట్లో ఆగిన లారీ వెనక ఎంతమంది పోయారో నా కళ్లతో చూశాను. అప్పటినుంచి నా బండి వెనక రేడియం స్టిక్కర్ పాతబడితే ఆ వారమే మార్పిస్తాను.

విశ్రాంత_ఇంజనీరు
రోడ్ల పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. గట్టుమీద_ఊరు గారూ, అర్జీ రాసేముందు కొన్ని లెక్కలు తెలుసుకోండి. ఆఫీసులో మీ మాట నిలబడాలంటే అవి కావాలి.

మన దేశ రోడ్డు ప్రమాణాల ప్రకారం, గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆగడానికి దాదాపు 80 మీటర్లు కావాలి. 80లో పోతుంటే 120 మీటర్లు, 100లో అయితే 180. డ్రైవరు అడ్డం చూసి, తేరుకుని, బ్రేకు మీద కాలు వేసే రెండున్నర సెకన్లు కూడా ఇందులోనే ఉన్నాయి. నాలుగు లేన్ల రోడ్డు మీద కార్లకి కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి 100. అంటే మీ గ్యాప్ దగ్గర కనీసం 180 మీటర్ల మేర చూపు ఆనాలి. మొక్కలు మోకాలెత్తు దాటకుండా కత్తిరించడానికి టెండర్లు అక్కర్లేదు, ఒక్కపూట పని. అర్జీలో మొదట ఇది రాయండి.

ఇప్పుడు నడిచేవాళ్ల సంగతి. ఒకవైపు రెండు లేన్లు కలిపి 7 మీటర్లు. వయసు మళ్లినావిడ అది దాటడానికి 8 సెకన్లు తీసుకుంటుంది. 100లో వచ్చే కారు ఆ 8 సెకన్లలో 220 మీటర్లు పైన వచ్చేస్తుంది. ఆవిడ రోడ్డు మీద అడుగు పెట్టినప్పుడు ఆ కారు ఇంకా ఎక్కడో దూరంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఎవరి అజాగ్రత్తా లేకుండానే ప్రమాదం జరిగే చోటు అది.

గ్యాప్ మూసేయడం ఒక్కటే చేస్తే రాంగ్ రూట్ పెరుగుతుంది, నా సర్వీసులో ఇది చాలాసార్లు చూశాను. మూసేటప్పుడే, దానికి దగ్గర్లో బండి మధ్యలోకి వచ్చి ఆగి తిరగడానికి విడిగా ఒక లేన్ ఉన్న యూటర్న్ ఇవ్వాలి. అది కిలోమీటరు లోపే ఉండాలి. టీవీఎస్ మీద పోయే మనిషి అంతకన్నా దూరం తిరగడు, ఎన్ని బోర్డులు పెట్టినా తిరగడు. అది ఇవ్వలేకపోతే పొలం వైపు సర్వీస్ రోడ్డు వెయ్యాలి.

హైదరాబాద్_నుంచి
మాది కూడా అటువైపే, పండక్కి వస్తుంటాను. అందరూ రోడ్డు మీదే తప్పు నెడుతున్నారు. రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లకి భయం లేదు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక ఎదురు దిశలో బండి నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది, మొదటిసారే 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. హెల్మెట్ లేకపోతే 1,000. నెలరోజులు గట్టిగా వసూలు చేస్తే దారిలోకి వస్తారు. కుటుంబంతో కారులో వస్తూ, ఫాస్ట్ లేన్‌లో ఎదురుగా టీవీఎస్ వస్తే నాకు ఎంత టెన్షనో ఆలోచించండి. వాళ్ల ప్రాణంతోపాటు నా పిల్లల ప్రాణం కూడా.

గట్టుమీద_ఊరు
మీ భయం అర్థమైందండీ. ఫాస్ట్ లేన్‌లో ఎదురొచ్చేవాడిని నేనూ సమర్థించను. కానీ ఒక్కసారి మా ఊరికి వచ్చి నిలబడి చూడండి. జరిమానా కట్టమంటే బాబాయి కడతాడు, మర్నాడు మళ్లీ అలాగే వస్తాడు. రోజుకి రెండుపూటలా నాలుగేసి కిలోమీటర్లు అదనంగా తిరగడమంటే పాల మీద మిగిలే డబ్బు పెట్రోలుకే పోతుంది. దాటే దారి ఇచ్చిన తర్వాత జరిమానా వేస్తే ఊరంతా ఒప్పుకుంటుంది.

స్కూటీ_టీచర్
ఎనిమిదేళ్లుగా తణుకు నుంచి స్కూటీ మీద బడికి వెళ్తున్నాను. మా బడి పిల్లలు సగం మంది హైవే దాటే వస్తారు. గ్యాప్ మూశాక పిల్లలేం చేస్తున్నారో తెలుసా? బ్యాగు ముందు అటువైపు విసిరి, డివైడర్ ఎక్కి దూకుతున్నారు. మొక్కల్లోంచి ఒక్కసారిగా రోడ్డు మీద పడతారు. పైన లారీ అన్న చెప్పింది చదివినప్పటినుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

బస్సు ఆగే చోటు గురించి ఎవరూ అనలేదు. బస్సు సరిగ్గా పిల్లలు రోడ్డు దాటే చోటుకి ముందే ఆగుతుంది. పిల్లలు దిగి బస్సు ముందు నుంచి దాటతారు. వెనక వచ్చే కారు బస్సుని తప్పించుకుని పక్క లేన్‌లో దూసుకొస్తుంది. ఆ కారుకి పిల్లలు కనపడరు, పిల్లలకి కారు కనపడదు. బస్సు దాటే చోటుకి ఓ యాభై మీటర్లు అవతల ఆగితే పిల్లలు బస్సు వెనక నుంచి, వచ్చే బండ్లని చూస్తూ దాటొచ్చు. స్టాపు జరపడానికి ఖర్చేముంది? షెల్టర్ లేదు కదా, ఉన్నది రావిచెట్టు నీడే. అవతల కూడా చెట్లున్నాయి.

పొద్దున్నే ఇద్దరు టీచర్లం ఎర్రజెండా పట్టుకుని నిలబడుతున్నాం. మేం లేని రోజు ఎవరు నిలబడతారు?

విశ్రాంత_ఇంజనీరు
టీచర్ గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనది. బస్సు స్టాపు దాటే చోటుకి అవతల ఉండాలన్నది రోడ్డు డిజైన్‌లో మొదట నేర్పే పాఠం. అర్జీలో తప్పకుండా చేర్చండి.

ఇంకో ముఖ్యమైన విషయం అందరికీ. మన రోడ్డుకి నిధులు ఎందుకు రావో ఎప్పుడైనా ఆలోచించారా? కేంద్ర రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే, జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. కాగితం మీద ఈ లెక్క తేలితేనే ఆ చోటుకి పనులు మంజూరవుతాయి. మన ఊళ్లలో ఏం చేస్తాం? గుద్దినవాడూ దెబ్బ తగిలినవాడూ తెలిసినవాళ్లే అయితే పెద్దమనుషులు కూర్చుని రాజీ చేస్తారు. ఆస్పత్రి ఖర్చులు ఇప్పిస్తారు, కేసు ఉండదు. కేసు లేదు కాబట్టి ఆ ప్రమాదం జరగనట్టే. ఇలా నాలుగు ప్రమాదాలు రాజీల్లో కలిసిపోతే, ప్రభుత్వ రికార్డులో మీ గ్యాప్ సురక్షితమైన చోటుగా ఉండిపోతుంది.

బాబాయి గారి విషయంలో కేసు నమోదైందా? రాజీ పడినా సరే, ప్రమాదం మాత్రం రికార్డులోకి ఎక్కించండి.

గట్టుమీద_ఊరు
ఇంజనీరు గారూ, మీ మాట చదివి మా ఇంట్లో అందరం మౌనంగా కూర్చుండిపోయాం. మూడేళ్లలో మా గ్యాప్ దగ్గర ఏడుగురికి పెద్ద దెబ్బలు తగిలాయి, ఒకాయన పోయాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాం. వాటిలో కేసు కట్టినవి రెండే. మిగతావన్నీ రచ్చబండ దగ్గర తేలిపోయాయి. బాబాయిది కూడా రాజీ అనుకున్నాం. రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తున్నాం.

దాళ్వా_రైతు
ధాన్యం ఆరబోత గురించి ఎవరో ఒకరు తిడతారని తెలుసు, అందుకే నేనే ముందు చెప్తాను. అవును, సార్వా (ఖరీఫ్) కోతలప్పుడూ దాళ్వా (రబీ) కోతలప్పుడూ మేం రోడ్డు మీద ఆరబోస్తున్నాం. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. మిషన్‌తో కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. కార్తీకంలో తుపాను మబ్బు పట్టిందంటే రెండు ఎండలు దొరకడం కూడా భాగ్యమే. ఒకప్పుడు ఊరి చుట్టూ కళ్లాలు ఉండేవి. ఇప్పుడవి ఇళ్ల స్థలాలయ్యాయి, చెరువులయ్యాయి. డెల్టాలో నీళ్లు నిలవని, గట్టిగా ఉన్న నేల ఒక్క రోడ్డే.

ప్రమాదమని మాకు తెలియదా? తెలుసు. ఒక లేన్ మొత్తం ధాన్యమే ఉంటే బండ్లన్నీ ఒకే లేన్‌లోకి తోసుకొస్తాయి. కానీ గింజ మొలకెత్తితే ఏడాది కష్టం పోతుంది. ఊరికొక సిమెంటు కళ్లం కట్టించమని కూడా మీ అర్జీలో రాయండి. హైవే అర్జీలో కళ్లం ఏమిటని ఎవరైనా అడిగితే నేను వచ్చి చెప్తాను.

సిద్ధాంతం_లారీ
రైతన్నా, నాదీ రైతు కుటుంబమే, మిమ్మల్ని తిట్టను. ఒక్కటే అడుగుతాను. ధాన్యం చుట్టూ రాళ్లూ కొబ్బరి దుంగలూ పెడతారు కదా, బండ్లు ఎక్కకుండా. రాత్రి బరకం కప్పి వెళ్లిపోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి. నల్ల బరకం, నల్ల రోడ్డు, రాళ్లు. బైకు కుర్రాళ్లు పోయేది ఆ రాళ్ల మీదే. ఆరబోత అయ్యాక ఆ దుంగలు మాత్రం తీసేయండి. లేదంటే బరకం చివర్లలో ఇసుక బస్తాలు పెట్టి, వాటికి రేడియం స్టిక్కర్ అంటించండి.

దాళ్వా_రైతు
సరే అన్నా. రాళ్ల మాట నిజమే, మా ఊళ్లో చెప్తాను. ఈసారి హైవే మీద కాకుండా పొలాలకి పోయే పుంతరోడ్డు మీదే ఆరబోయడానికి చూస్తాం.

పులంక_మొక్కలు
కడియపులంక నుంచి. మా దగ్గర వేమగిరి దాకా హైవేకి రెండువైపులా నర్సరీలే. మొక్కలు కొనేవాళ్లు కార్లు ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తారు, లోడింగ్ లారీలు అంచునే నిలబడతాయి, కొబ్బరి మొక్కల లోడు బయటికి వేలాడుతూ ఉంటుంది. మా నర్సరీ ముందు రెండేళ్ల క్రితం ఒక బైకు, ఆగి ఉన్న లారీని గుద్దింది. ఆ కుర్రాడి తల్లి వచ్చి ఆ లారీ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత మా నాన్నగారు లోడింగ్ మొత్తం లోపలి పుంతలోకి మార్చేశారు. కూలి కాస్త ఎక్కువైంది, లారీ వెనక్కి రావడానికి ఒక మనిషి జెండాతో నిలబడాలి. అయినా ఒక్కరోజు కూడా మళ్లీ రోడ్డు మీద లోడు చెయ్యలేదు. పక్క నర్సరీలవాళ్లు కూడా కొందరు అలాగే చేస్తున్నారు.

వార్డు_నర్సు
తణుకులో ఆస్పత్రిలో పనిచేస్తాను. రోడ్డు మీద జరిగేది మీరు చెప్పారు, ఆ తర్వాత జరిగేది నేను చెప్తాను. గంట లోపు తీసుకొస్తే బతికేవాళ్లు చాలామంది ఆలస్యం వల్ల పోతున్నారు. చుట్టూ జనం ఉంటారు, ముట్టుకోరు. కేసులో ఇరుక్కుంటామని భయం.

ఆ భయం అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టంలో 2019 నుంచి 134ఏ అనే సెక్షన్ ఉంది. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు. ఆస్పత్రిలో గానీ పోలీసులు గానీ పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషిని తొలి గంటలో ఆస్పత్రికి చేర్చినవాళ్లకి కేంద్రం 25,000 రూపాయల బహుమతి కూడా ఇస్తోంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లకి ఏడు రోజుల వరకూ, 1,50,000 రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే పథకం ఉంది. దీనికి కూడా పోలీసుల దగ్గర ప్రమాదం నమోదు కావాలి. ఇంజనీరు గారు చెప్పిన రాజీ వల్ల ఈ సాయం కూడా పోతుంది.

108కి ఫోన్ చేసినప్పుడు "పేరవలి దగ్గర" అనకండి. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీదున్న అంకె చెప్పండి, ఏ ఊరి వైపు పోయే రోడ్డులోనో చెప్పండి. డివైడర్ ఉన్న రోడ్డులో అంబులెన్స్ తప్పు వైపు వస్తే, మళ్లీ తిరిగి రావడానికి పది నిమిషాలు పోతాయి. జాతీయ రహదారి మీద ఆగిన బండి, పడిన చెట్టు, ఏదైనా 1033కి కూడా చెప్పొచ్చు.

హెల్మెట్ గురించి ఒక్క మాట. తుంటి విరిగినవాళ్లని నడిపించి ఇంటికి పంపాం. తల పగిలి వచ్చినవాళ్లని అలా పంపడం చాలా అరుదు.

కోనసీమ_216
మీకు కనీసం డివైడర్ ఉంది. మా కత్తిపూడి – ఒంగోలు 216 రోడ్డులో అమలాపురం, రాజోలు వైపు చాలాచోట్ల ఒకే రోడ్డు, పక్కనే కాలువ. మలుపులో జారితే నేరుగా నీళ్లలోకే. చేపల లారీల నుంచి కారే నీళ్లకి తెల్లారుజామున బైకు చక్రం నిలవదు. కాలువ గట్టు మలుపుల్లో రెయిలింగ్, లారీల కింద నీళ్లు పట్టే ట్యాంకు, ఈ రెండూ మేం ఎన్నాళ్లనుంచో అడుగుతున్నాం.

రావులపాలెంలో ఆగిపోతే మా అందరికీ ఆగిపోయినట్టే. గౌతమి మీద జొన్నాడ దగ్గర, వశిష్ఠ మీద సిద్ధాంతం దగ్గర వంతెన మీద ఒక లారీ చెడిపోతే దగ్గర్లో వేరే దారి లేదు. కోటిపల్లి, సఖినేటిపల్లి రేవుల్లో పంటు మీద ఎన్ని బండ్లు దాటతాయి? సంక్రాంతి మూడు రోజులైనా రెండు వంతెనల దగ్గరా క్రేన్ సిద్ధంగా ఉంచితే అంబులెన్సులు ఇరుక్కోవు.

విశ్రాంత_ఇంజనీరు
అర్జీ ఎవరికివ్వాలో చెప్పడం మరిచాను. ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. 2022లో జిల్లాలు విడిపోయాక ఈ ఒక్క రోడ్డూ ముక్కలైంది. రావులపాలెం కోనసీమ జిల్లా, అంటే అమలాపురం. వంతెన దాటిన సిద్ధాంతం పశ్చిమ గోదావరి, అంటే భీమవరం. ఖండవల్లి, పేరవలి తూర్పు గోదావరి, అంటే రాజమహేంద్రవరం. తణుకు మళ్లీ పశ్చిమ గోదావరి. మీ అర్జీ రాజమహేంద్రవరంలో ఇచ్చి, నకళ్లు భీమవరానికీ అమలాపురానికీ పంపండి. యూటర్న్ ఒక జిల్లాలో, దాని వల్ల రాంగ్ రూట్ ఇంకో జిల్లాలో ఉండే చోట్లున్నాయి.

అర్జీతోపాటు ఒక లెక్క కూడా జతచెయ్యండి. మూడు రోజులు పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది దాకా ఇద్దరు కూర్చుని, ఎంతమంది దాటారు, ఎన్ని బండ్లు యూటర్న్ దాకా వెళ్లాయి, ఎన్ని రాంగ్ రూట్‌లో వచ్చాయి రాయండి. ఫోటోల కన్నా ఈ కాగితానికి విలువ ఎక్కువ.

గట్టుమీద_ఊరు
ఆలస్యానికి క్షమించండి, పది రోజులైంది. బాబాయి ప్రమాదం నమోదైంది. మొదట అడ్డం చెప్పారు, టీచర్ గారు మాతో వచ్చి కూర్చున్నాక రాసుకున్నారు.

లెక్క పూర్తయింది. మా తమ్ముడూ, పదో తరగతి పిల్లలు ఇద్దరూ రావిచెట్టు కింద దుప్పటి కప్పుకుని కూర్చుని రాశారు. మూడు రోజులకీ మూడు నోటుపుస్తకం పేజీలు నిండాయి. "రాంగ్ రూట్" గడి మిగతా రెండు గడుల కన్నా పొడుగ్గా ఉంది. అందులో మా నాన్న కూడా ఉన్నాడు. రాయొద్దని అడిగాడు, పిల్లలు రాసేశారు.

అర్జీలో ముందు మొక్కలు కత్తిరించడం, బస్సు స్టాపు జరపడం, దాటే చోట లైటు అడిగాం. ఇవి ఈ నెలలోనే కావాలన్నాం. తర్వాత కిలోమీటరు లోపు యూటర్న్, పొలం వైపు సర్వీస్ రోడ్డు, ఊరికి ఒక సిమెంటు కళ్లం. అండర్‌పాస్ కూడా రాశాం. ఆలస్యమవుతుందని తెలుసు, కానీ రాయకపోతే ఎప్పటికీ రాదు. సోమవారం రాజమహేంద్రవరం వెళ్తున్నాం, ఊరి నుంచి ముప్పైమంది. బస్సులోనే వెళ్తాం.

హైదరాబాద్_నుంచి
నకళ్ల ఖర్చు, ప్రయాణం ఖర్చు నాకు వదిలేయండి. పండక్కి వచ్చినప్పుడు మీ రావిచెట్టు దగ్గర ఆగుతాను. ఈసారి 60 దాటను.

సిద్ధాంతం_లారీ
తమ్ముడూ, సోమవారం లోపు ఒక పని చేద్దాం. ఆదివారం నాకు లోడు లేదు. రెండు చుట్టలు రేడియం టేపు తెస్తాను, ఎరుపొకటి, తెలుపొకటి. మీ ఊళ్లో టీవీఎస్‌లు, సైకిళ్లు, ట్రాక్టర్ తొట్లు అన్నీ పొద్దున్న ఏడింటికి చెట్టు కిందికి తెప్పించు. పాలక్యాన్లు కూడా తెమ్మను, వాటికీ అంటిద్దాం.

స్కూటీ_టీచర్
కత్తెరలు మా బడి నుంచి తెస్తాను. పిల్లల బ్యాగులకి కూడా సరిపోయేటట్టు ఇంకో చుట్ట తెండన్నా.